రెండు పేర్ల కృతులు: పియానో సంగీతం ఆర్కెస్ట్రాకు మారితే ఏమవుతుంది?

క్లుప్తంగా: పియానో కోసమో, ముగ్గురు నలుగురు కూర్చుని వాయించే చిన్న బృందం కోసమో రాసిన పాశ్చాత్య శాస్త్రీయ కృతిని ఆర్కెస్ట్రాకు మార్చడమంటే శబ్దం పెంచడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏ స్వరం ఎంతసేపు నిలవాలి, ఏ వరుస ముందుకు రావాలి, దాన్ని ఏ వాద్యం పలకాలి అన్నవి అసలు స్కోరులో, అంటే స్వరాలు రాసిన ప్రతిలో, చాలావరకు రాసి ఉండవు. మార్చే వ్యక్తి వాటన్నింటికీ జవాబు రాయాలి. ఆ జవాబులను బట్టే ఒకే కృతి ఒకరి చేతిలో ఊరేగింపులా, మరొకరి చేతిలో ప్రార్థనలా వినిపిస్తుంది.

యూట్యూబ్‌లోనో మ్యూజిక్ యాప్‌లోనో 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్' అని వెతికితే కొన్ని రికార్డింగుల కింద ముసోర్గ్‌స్కీ అని ఒక్క పేరే కనిపిస్తుంది. మరికొన్నింటి కింద ముసోర్గ్‌స్కీ, రవెల్ అని రెండు పేర్లుంటాయి. మొదటి రకంలో వినిపించేది ఒక్క పియానో. రెండో రకంలో ఎనభై తొంభై మంది వాయించే ఆర్కెస్ట్రా. అలాగే 'బ్రామ్స్, షోన్‌బర్గ్' అనీ, 'బాఖ్, స్టోకోవ్‌స్కీ' అనీ జంట పేర్లు ఎదురవుతాయి. ఈ సంగీతం కొత్తగా వింటున్నవాళ్లు తికమకపడేది ఇక్కడే. అసలు రాసిందెవరు? రెండో ఆయన చేసిందేమిటి?

మనకు దగ్గరి పోలిక సినిమా పాట. బాణీ కట్టేది సంగీత దర్శకులు. వయొలిన్లు ఎక్కడ రావాలో, ఫ్లూట్ ఏం వాయించాలో చాలాసార్లు అరేంజర్ రాస్తారు. పోలిక కొంతవరకే సరిపోతుంది. అరేంజర్ చేతికి వచ్చేటప్పటికి బాణీ ఒంటరి వరుస మాత్రమే, దాని చుట్టూ మిగతాదంతా కొత్తగా కడతారు. ఇక్కడ అలా కాదు. కృతి అప్పటికే పూర్తయింది. ప్రతి స్వరమూ, దాని కింద పలికే ప్రతి తోడు స్వరమూ కాగితం మీద ఉన్నాయి. అన్నీ ఉన్న చోట ఇంకా చేయాల్సింది ఏముంటుందన్నదే అసలు ప్రశ్న.

## పియానోలో స్వరం పుట్టిన క్షణం నుంచే తగ్గిపోతుంది

పియానో మీట నొక్కితే లోపల ఉన్ని చుట్టిన చిన్న సుత్తి తీగను కొట్టి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఆ స్వరాన్ని పెంచే దారి వాయించేవారి చేతిలో లేదు. మంద్ర స్థాయిలో కాస్త ఎక్కువసేపు, తార స్థాయిలో కొద్దిసేపు మోగి, ధ్వని దానంతటదే సన్నగిల్లుతుంది. వయొలిన్ కమాను ఆడుతున్నంతసేపూ స్వరం నిలుస్తుంది. ఓబో, హార్న్ లాంటివి ఊపిరి ఉన్నంతసేపు పలుకుతాయి, మధ్యలో ధ్వనిని పెంచగలవు, తగ్గించగలవు.

ఈ లోపాన్ని కప్పిపుచ్చడానికే పియానో రచయితలు రకరకాల ఉపాయాలు కనిపెట్టారు. ఒకే కార్డ్‌ను (ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాలను) మళ్లీ మళ్లీ కొట్టడం, కార్డ్‌లోని స్వరాలను విడదీసి వరుసగా వాయించడం, రెండు స్వరాల మధ్య వేగంగా ఊగడం. ఇవన్నీ చేతివేళ్లకు, ఆరిపోయే తీగకు సరిపోయే పద్ధతులు. వాటిని ఉన్నది ఉన్నట్టు వయొలిన్లకు ఇస్తే అర్థం లేని గందరగోళం తయారవుతుంది.

పెడల్ సంగతి ఇంకా చిక్కు. కుడి పెడల్ తొక్కితే తీగలను అదిమి ఉంచే డ్యాంపర్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. వాయించిన స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, వాయించని తీగలు కూడా సన్నగా స్పందిస్తాయి. ఈ మోతను ఎవరూ స్వరాలుగా రాయరు. ఇక్కడ పెడల్ తొక్కాలని గుర్తు మాత్రం పెడతారు, చాలా చోట్ల అదీ ఉండదు. ఆర్కెస్ట్రాకు పెడల్ లేదు. కాబట్టి మార్చే వ్యక్తి ఆ గాలిలోని మోతను కాగితం మీదికి దించాలి. హార్న్‌లు మెల్లగా పట్టి నిలిపే ఒక కార్డ్, వయోలాలు అంటిపెట్టుకునే ఒక స్వరం అలా పుడతాయి. అవి అసలు స్కోరులో కనిపించవు. అయినా బయటి నుంచి తెచ్చి అతికించినవనీ అనలేం. మంచి పియానిస్టు వాయిస్తుంటే అవి వినిపిస్తూనే ఉంటాయి.

శ్రుతి దగ్గర కూడా రాజీ పడాల్సి వస్తుంది. కార్ల్ మరియా ఫాన్ వేబర్ 1819లో పియానో కోసం రాసిన 'ఇన్విటేషన్ టు ది డాన్స్' డి-ఫ్లాట్ శ్రుతిలో ఉంటుంది. నల్ల మీటలు ఎక్కువగా తగిలే ఈ శ్రుతి పియానిస్టు చేతికి హాయిగా ఉంటుంది. 1841లో ప్యారిస్‌లో వేబర్ ఒపెరా ప్రదర్శనకు అక్కడి ఆనవాయితీ ప్రకారం ఒక నృత్య ఘట్టం అవసరమైతే, హెక్టర్ బెర్లియోజ్ ఈ పియానో కృతిని ఆర్కెస్ట్రాకు రాశారు. రాస్తూ మొత్తం కృతిని అర స్వరం పైకి, డి శ్రుతికి జరిపారు. వయొలిన్ నాలుగు తీగలు జి, డి, ఎ, ఇ. డి-ఫ్లాట్ స్కేలులో ఈ నాలుగింట్లో ఒక్కటీ లేదు. డి స్కేలులో నాలుగూ ఉన్నాయి. వేలు అదమని తీగ తోడుగా మోగితే వయొలిన్ ధ్వని ఎంత విప్పారుతుందో కర్ణాటక కచేరీలు వినేవాళ్లకు తెలుసు. మన దగ్గర గాయకుల శ్రుతికి తగ్గట్టు తీగలనే స-ప-స-పగా సవరించుకుంటారు. అక్కడ తీగల శ్రుతి స్థిరం. అందుకే బెర్లియోజ్ కృతినే జరిపారు.

## ఒక చిత్ర ప్రదర్శన, అరడజనుకు పైగా ఆర్కెస్ట్రా స్కోర్లు

ఈ పనిలో ఉన్న లాభనష్టాలన్నీ ఒక్క చోట కనిపించే కృతి ముసోర్గ్‌స్కీదే. ఆయన స్నేహితుడు, వాస్తుశిల్పి, చిత్రకారుడు అయిన విక్టర్ హార్ట్‌మన్ 1873లో 39 ఏళ్లకే చనిపోయారు. మరుసటి ఏడాది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయన బొమ్మలతో ప్రదర్శన పెట్టారు. అది చూసొచ్చిన ముసోర్గ్‌స్కీ 1874లోనే పది బొమ్మలకు పది భాగాలుగా పియానో కృతి రాశారు. వాటి మధ్య మధ్య 'ప్రొమెనాడ్' అనే వరుస తిరిగి తిరిగి వస్తుంది. ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు నడిచే మనిషి అడుగులవి. రచయిత బతికుండగా కృతి అచ్చు కాలేదు. 1881లో ఆయన పోయారు. 1886లో మిత్రుడు రిమ్‌స్కీ-కోర్సకోవ్ పరిష్కరించి అచ్చు వేయించారు.

ఇది పియానో కోసం రాసినా ఆర్కెస్ట్రాను ఊహించుకుంటూ రాసినట్టుందన్న అభిప్రాయం మొదటి నుంచీ ఉంది. 1891లో తుష్మలోవ్ కొన్ని భాగాలను మార్చారు. 1915లో ఇంగ్లండ్‌లో హెన్రీ వుడ్, 1922లో ఫిన్లాండ్‌లో లియో ఫుంటెక్ తమ రూపాలు తయారు చేశారు. అదే 1922లో కండక్టర్ సెర్గీ కూసెవిట్స్కీ అడిగితే మారిస్ రవెల్ రాసిన స్కోరును అక్టోబర్ 19న ప్యారిస్‌లో మొదటిసారి వాయించారు. ఇవాళ ప్రపంచమంతా వినేది ఎక్కువగా అదే.

మొదటి ప్రొమెనాడ్ నుంచే రవెల్ నిర్ణయాలు మొదలవుతాయి. పియానోలో ఆ వరుస ఒంటరిగా, తోడు లేకుండా మొదలై, వెంటనే నిండైన కార్డ్‌లతో జవాబు అందుకుంటుంది. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునే రష్యన్ పల్లెపాటల పద్ధతి అది. మన భజనల్లో ముందు ఒకరు పాడి తర్వాత అందరూ అందుకోవడం లాంటిదే. రవెల్ ఆ ఒంటరి వరుసను ట్రంపెట్‌కు, జవాబును మొత్తం ఇత్తడి వాద్యాలకు ఇచ్చారు. వినగానే ఏదో రాచవేడుక మొదలైనట్టు అనిపిస్తుంది. 1939లో కండక్టర్ స్టోకోవ్‌స్కీ తన స్కోరులో ఆ పనిని తీగ వాద్యాలకు అప్పగించారు. ఇత్తడి మెరుపు పోయి, ప్రార్థనలాంటి, కాస్త బరువైన రష్యన్ ధ్వని వచ్చింది. ఇద్దరూ వాడింది ఒకే స్వరాలను. ముసోర్గ్‌స్కీ కాగితం మీద రాజూ లేడు, గుడీ లేదు. నడుస్తున్న మనిషి మాత్రమే ఉన్నాడు.

'పాత కోట' అనే భాగంలో రవెల్ ఎంపిక మరీ ధైర్యమైనది. పియానోలో ఎడమ చేయి ఒకే మంద్ర స్వరాన్ని తంబురా శ్రుతిలా చివరిదాకా మోగిస్తూ ఉంటే, పైన ఎవరో గాయకుడు పాడుతున్నట్టు ఒక దిగులు పాట సాగుతుంది. రవెల్ దాన్ని సాక్సోఫోన్‌కు ఇచ్చారు. శాస్త్రీయ ఆర్కెస్ట్రాలో ఆ వాద్యం అరుదు. అరుదు కాబట్టే, అంతసేపూ విన్న వాద్యాల మధ్య ఎక్కడో దూరం నుంచి, వేరే కాలం నుంచి వచ్చిన గొంతులా అది పనిచేస్తుంది.

ఇక తేడా కొట్టిన చోటు. 'బిడ్లో' అంటే పోలిష్ భాషలో పశువులు. ఎడ్లబండి బొమ్మకు రాసిన భాగమిది. ముసోర్గ్‌స్కీ చేతిరాతలో ఇది మొదటి స్వరం నుంచే చాలా గట్టిగా మొదలవుతుంది. రిమ్‌స్కీ-కోర్సకోవ్ అచ్చు ప్రతిలో మాత్రం మెల్లగా మొదలై క్రమంగా పెరుగుతుంది. రవెల్ ముందున్నది అచ్చు ప్రతే. చేతిరాతను బట్టి పావెల్ లామ్ తయారు చేసిన ప్రతి 1931లో గానీ రాలేదు. దాంతో రవెల్ ట్యూబాతో తగ్గుస్థాయిలో ఎత్తుకుని, ఆర్కెస్ట్రా మొత్తాన్నీ మెల్లగా కలుపుకుంటూ వెళ్లి, చివర మళ్లీ సన్నగా ముగించారు. బండి దూరం నుంచి వచ్చి, మన ముందు నుంచి పోయి, కనుమరుగవుతుంది. అద్భుతమైన దృశ్యమే, కానీ మొదటి సగం ముసోర్గ్‌స్కీది కాదు. రాసినాయన ఉద్దేశం బండిని నేరుగా మీదికి తోలడం. ఒక సంపాదకుడి సవరణ ఆర్కెస్ట్రా బలంతో ఎలా స్థిరపడిపోతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

'కాటకోంబ్స్'లో, అంటే ప్యారిస్ నేలమాళిగ సమాధుల భాగంలో, పెద్ద పెద్ద కార్డ్‌లు ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా వచ్చి ఆగిపోతుంటాయి. రవెల్ ఇక్కడ ఇత్తడి వాద్యాలను వాడారు. అవి ఎంతసేపైనా నిలపగలవు, కాబట్టి ధ్వని రాతిగోడలా నిలబడుతుంది. పియానోలో అదే కార్డ్ కొట్టీ కొట్టగానే చచ్చిపోవడం మొదలుపెడుతుంది, వినేవాళ్లు ఆ ఆరిపోవడాన్ని చెవులారా అనుసరిస్తారు. సమాధుల గురించి రాసిన సంగీతానికి ఈ ఒక్క చోట పియానో బలహీనతే బలమైంది. ఆర్కెస్ట్రాలో ఆ అనుభవం రాదు. చివరి భాగం 'కీవ్ మహాద్వారం'లో కూడా ఇదే ప్రశ్న వేరే రూపంలో ఎదురవుతుంది. పియానిస్టు చేతులతో గంటల మోతను నమ్మించాలి. రవెల్ దగ్గర నిజం గంటలే ఉన్నాయి. వైభవం విషయంలో పోటీయే లేదు. అయితే పియానోలో ఊహించుకునే పని శ్రోతకు మిగులుతుంది, ఆర్కెస్ట్రాలో ఆ పని అయిపోయి ఉంటుంది.

రవెల్ రూపం మీద కొన్నేళ్లపాటు కూసెవిట్స్కీకే హక్కులుండటంతో మిగతావాళ్లు వేరే స్కోర్లు రాయించుకున్నారు. వాటి సంఖ్య పెరగడానికి ఇదొక కారణం. స్టోకోవ్‌స్కీ తన దాంట్లో ఫ్రెంచ్ దృశ్యాలైన 'ట్యూలరీ తోటలు', 'లిమోజ్ సంత' రెండింటినీ పూర్తిగా తీసేశారు. రవెల్ కూడా అయిదో ప్రొమెనాడ్‌ను వదిలేశారు. అది మొదటిదానికి దాదాపు నకలు.

అన్నింటికంటే ముఖ్యమైన ఫలితం ఊహించని వైపు నుంచి వచ్చింది. ఆర్కెస్ట్రా రూపానికి పేరొచ్చాక పియానిస్టులు మూల కృతి వైపు తిరిగారు. వ్లదిమిర్ హోరోవిట్స్ ఆర్కెస్ట్రా మెరుపులను తిరిగి పియానోలోకి తెస్తూ సొంత రూపం చేసుకున్నారు. స్వియతోస్లావ్ రిక్టర్ 1958లో సోఫియాలో మూలాన్నే వాయించిన కచేరీ రికార్డింగు ఇప్పటికీ కొలమానంగా నిలిచింది. తర్వాత పియానిస్టు, కండక్టర్ వ్లదిమిర్ అష్కెనాజీ 1982లో చేతిరాత ప్రతి ఆధారంగా మరో ఆర్కెస్ట్రా రూపం చేశారు.

## నలుగురు వాయించేది అరవై మంది వాయిస్తే

స్ట్రింగ్ క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. ఆర్కెస్ట్రాలోనూ ఇవే వాద్యాలు ఉంటాయి కాబట్టి మార్చడం చాలా తేలికనిపిస్తుంది. పెద్ద ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్లు 16, రెండో వయొలిన్లు 14, వయోలాలు 12, చెల్లోలు 10, డబుల్ బాస్‌లు 8 ఉంటాయి. స్కోరు అందరికీ పంచితే చాలదా?

చాలదు. పదహారు మంది ఒకే స్వరం పట్టినప్పుడు ఒక్కొక్కరి శ్రుతి వెంట్రుకవాసి తేడాలో ఉంటుంది. ఆ తేడాలన్నీ కలిసి ధ్వనికి నునుపు తెస్తాయి. ఒక్క కమాను తీగ మీద రాసుకునే గరుకుదనం, ఒంటరి గొంతులోని వణుకు అందులో మునిగిపోతాయి. డబుల్ బాస్ ఇంకో చిక్కు. చెల్లో వరుసను అది ఒక స్థాయి కింద పలుకుతుంది. చెల్లో ఆధారంగా ఉన్నచోట ఆ తోడు బలాన్నిస్తుంది. చెల్లో పైకెక్కి పాట అందుకున్న చోట బాస్ వెంట నడిస్తే పాట కాళ్లకు బురద అంటుకున్నట్టు అవుతుంది. ఎక్కడ కలపాలి, ఎక్కడ ఆపాలి అన్నదే ఇక్కడ అసలు విద్య. పైగా నలుగురు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుని కాలాన్ని సాగదీస్తారు, కుదిస్తారు. అరవై మందికి మధ్యలో కండక్టర్ కావాల్సిందే.

రచయిత, కండక్టర్ గుస్తావ్ మాలర్ ఈ మార్పులను గట్టిగా సమర్థించారు. క్వార్టెట్ ఇంట్లో గది కోసం రాసింది, పెద్ద హాల్లో ఆ నాలుగు గొంతులూ నీరసించిపోతాయి, కాబట్టి హాలుకు తగ్గ బలం ఇవ్వాలన్నది ఆయన వాదన. 1894లో హాంబర్గ్‌లో షూబర్ట్ 'డెత్ అండ్ ది మెయిడెన్' క్వార్టెట్‌లోని నెమ్మది భాగాన్ని స్ట్రింగ్ ఆర్కెస్ట్రాతో వాయించారు. 1899లో వియన్నాలో బీథోవెన్ ఓపస్ 95 (ఓపస్ అంటే రచన సంఖ్య) క్వార్టెట్‌ను అలాగే వాయిస్తే హాల్లో నిరసనలు వినిపించాయి. బీథోవెన్‌ను ముట్టుకోవడమేమిటన్నది వాళ్ల అభ్యంతరం. షూబర్ట్ క్వార్టెట్ మొత్తానికి మాలర్ తన ప్రతిలో రాసుకున్న గుర్తులు మాత్రం మిగిలాయి. వాటిని బట్టి డేవిడ్ మాథ్యూస్, డొనాల్డ్ మిచెల్ పూర్తి స్కోరు సిద్ధం చేస్తే 1984లో అచ్చయింది.

కొన్ని కృతులు ఈ మార్పుతో మూలాన్నే దాటిపోయాయి. శామ్యూల్ బార్బర్ 1936లో రాసిన క్వార్టెట్‌లోని నెమ్మది భాగాన్ని తానే స్ట్రింగ్ ఆర్కెస్ట్రాకు మార్చారు. 1938 నవంబర్ 5న కండక్టర్ టోస్కనీని దాన్ని ఎన్‌బీసీ రేడియో ఆర్కెస్ట్రాతో ప్రసారం చేశారు. ఆ తర్వాత అమెరికాలో సంతాప సమయాల్లో వినిపించే సంగీతం అదే అయింది. ఆ క్వార్టెట్‌లో మిగతా భాగాలను గుర్తుపట్టేవాళ్లు తక్కువ.

షోస్టకోవిచ్ ఎనిమిదో క్వార్టెట్ సంగతి వేరు. 1960 జులైలో, జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర మూడు రోజుల్లో రాసిన కృతి. డి, ఇ-ఫ్లాట్, సి, బి అనే నాలుగు స్వరాలకు జర్మన్ పద్ధతిలో ఉన్న పేర్లను కలిపితే ఆయన పేరులోని పొడి అక్షరాలు వస్తాయి. కృతి నిండా ఆ సంతకమే తిరుగుతుంది. రుడోల్ఫ్ బర్షాయ్ దీన్ని స్ట్రింగ్ ఆర్కెస్ట్రాకు 'చాంబర్ సింఫనీ'గా మార్చారు, రచయిత ఒప్పుకున్నారు, ఓపస్ 110ఎ అని సంఖ్య కూడా ఉంది. నాలుగో భాగంలో మూడు దెబ్బలు తలుపు కొట్టినట్టు పడతాయి. ఆర్కెస్ట్రాలో అవి నిజంగా భయపెడతాయి. కానీ సంతకం ఒక మనిషిది. నలుగురి మధ్య ఒక్క వయొలిన్ దాన్ని పలికితే ఆ మనిషి ఒంటరితనం తెలుస్తుంది. పదహారు మంది పలికితే అది జనం దుఃఖంగా మారుతుంది. రెండూ గొప్పగానే ఉంటాయి. రెండూ ఒకటి మాత్రం కావు.

## బ్రామ్స్‌ను షోన్‌బర్గ్ ఎందుకు మార్చారు

బ్రామ్స్ జి మైనర్ పియానో క్వార్టెట్ (పియానో, వయొలిన్, వయోలా, చెల్లో), ఓపస్ 25, 1861లో హాంబర్గ్‌లో క్లారా షూమన్ పియానోతో మొదటిసారి వినిపించింది. ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ 1937లో దాన్ని పెద్ద ఆర్కెస్ట్రాకు రాశారు. అప్పటికి ఆయన నాజీల జర్మనీని వదిలి లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్నారు. 1938 మేలో ఒట్టో క్లెంపరర్ కండక్టర్‌గా అక్కడి ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా దాన్ని వాయించింది.

మార్చడానికి కారణాలు షోన్‌బర్గే ఒక లేఖలో సూటిగా రాశారు. ఈ కృతి తనకిష్టం. దీన్ని అరుదుగా వాయిస్తారు. వాయించినా ఎప్పుడూ బాగా వాయించరు, ఎందుకంటే పియానిస్టు ఎంత మంచివాడైతే అంత గట్టిగా వాయిస్తాడు, మిగతా ముగ్గురూ వినబడరు. ఒక్కసారైనా అన్నీ వినాలనుకున్నానని చెప్పారు. ఈ మూడో కారణంలో గట్టి సాంకేతిక విషయం ఉంది. బ్రామ్స్ కాలానికే పియానో ఇనుప చట్రంతో బలమైన వాద్యంగా ఎదుగుతోంది, ఆ తర్వాత ఇంకా బలపడింది. వయొలిన్ దాదాపు అలాగే ఉంది. కాగితం మీద సమానంగా ఉన్న నలుగురు, హాల్లో సమానంగా ఉండరు.

షోన్‌బర్గ్ ఆర్కెస్ట్రాలో పియానో అసలే లేదు. దాని పని అంతా వేరే వాద్యాలకు పంచేశారు. దాంతో మధ్యలో నలిగిపోయే వరుసలు, ఒకదానికొకటి బదులిచ్చే చిన్న చిన్న స్వర సమూహాలు తేటగా బయటపడతాయి. బ్రామ్స్ ఒక చిన్న విత్తనం నుంచి మొత్తం భాగాన్ని ఎలా పెంచుతారో షోన్‌బర్గ్ 1933 నుంచే ఉపన్యాసాల్లో చెబుతూ వచ్చారు. ఈ స్కోరు ఆ పాఠానికి చెవులతో వినే రూపం.

బ్రామ్స్ శైలి దాటలేదని, ఆయన ఇవాళ బతికుంటే ఎంత దూరం వెళ్లేవారో అంతవరకే వెళ్లానని కూడా షోన్‌బర్గ్ రాశారు. ఇది ఒప్పుకోవడం కష్టం. బ్రామ్స్ నాలుగు సింఫనీల్లో టింపనీ డ్రమ్ములు కాక వేరే తాళవాద్యం వచ్చేది ఒకే ఒక్క చోట, నాలుగో సింఫనీ మూడో భాగంలో ట్రయాంగిల్. షోన్‌బర్గ్ స్కోరు చివరి భాగంలో జైలోఫోన్, గ్లాకెన్‌స్పీల్ గలగలలాడతాయి. బ్రామ్స్ పేరు మీద వచ్చిన ఆ ధ్వని బ్రామ్స్ ఎన్నడూ వినలేదు. అయినా ఆ చివరి జిప్సీ నృత్యం ఈ రూపంలో వింటే ఆ గలగల కృతి స్వభావానికి పరాయిదనిపించదు.

## బాఖ్: ఒకే రచయితకు రెండు దారులు

బాఖ్ ఆర్గన్ కృతి 'టోకాటా అండ్ ఫ్యూగ్ ఇన్ డి మైనర్'ను స్టోకోవ్‌స్కీ ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాకు మార్చి 1927లో రికార్డు చేశారు. ఆయన మొదట ఆర్గన్ వాద్యకారుడు. చర్చిలో ఆర్గన్ పైపుల నుంచి వచ్చి గోడల మధ్య తిరిగే ఆ ధ్వని సముద్రాన్ని తీగ వాద్యాలతో, ఇత్తడితో మళ్లీ నిర్మించడమే ఆయన లక్ష్యం. 1940లో డిస్నీ 'ఫాంటసియా' సినిమాతో ఇది కోట్ల మందికి చేరింది.

1935లో ఆంటన్ వేబర్న్ బాఖ్ 1747 నాటి 'మ్యూజికల్ ఆఫరింగ్'లోని ఆరు వరుసలు ఒకదానిలో ఒకటి అల్లుకుని సాగే రిచెర్‌కార్‌తో పూర్తిగా వేరే పని చేశారు. మొదటి వరుసనే ముక్కలు చేశారు. అయిదు స్వరాలు ట్రాంబోన్, ఆ తర్వాత కొన్ని హార్న్, ఇంకొన్ని ట్రంపెట్. ఒక వాక్యాన్ని ముగ్గురు మనుషులు తలా రెండు మాటలుగా చెప్పినట్టు ఉంటుంది. మొదటిసారి వింటే చెవికి ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఏ చిన్న ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, అది తర్వాత ఎక్కడ తిరిగి వస్తుందో, ధ్వని రంగు మారగానే తెలిసిపోతుంది. కృతి లోపలి బంధాలను బయటపెట్టడమే ఆయన ఉద్దేశం.

స్టోకోవ్‌స్కీ వినేవారిని ముంచెత్తుతారు. వేబర్న్ విడదీసి చూపిస్తారు. బాఖ్ రాసినదాంట్లో ఈ రెండూ ఉన్నాయి, ఒకేసారి రెండూ వినిపించే రూపం మాత్రం ఇంకా ఎవరి చేతికీ చిక్కలేదు.

## ప్రవాహం దిశ మారింది ఎప్పుడు

19వ శతాబ్దంలో ఈ వ్యవహారం ఎక్కువగా తలకిందులుగా సాగింది. రికార్డులు లేవు. ఊళ్లో ఆర్కెస్ట్రా లేకపోతే సింఫనీ వినే దారి ఒక్కటే, ఇంట్లో ఒకే పియానో ముందు ఇద్దరు కూర్చుని నాలుగు చేతులతో వాయించుకోవడం. బ్రామ్స్ తన సింఫనీలను తానే ఇలా మార్చారు. లిస్ట్ బీథోవెన్ తొమ్మిది సింఫనీలనూ ఒక్క పియానోకు రాసి 1865లో అచ్చు వేయించారు.

అచ్చు వ్యాపారం రెండువైపులా నడిచేది. బ్రామ్స్ 'హంగేరియన్ డాన్సెస్' మొదట నాలుగు చేతుల పియానోకే. గిరాకీ పెరిగాక మూడింటిని ఆయనే ఆర్కెస్ట్రాకు మార్చారు, చివరి అయిదింటిని ద్వోర్జాక్ మార్చారు. రికార్డు, రేడియో వచ్చాక ఇంటి పియానో అవసరం తగ్గింది. అదే సమయంలో జీతాలిచ్చి నడిపే శాశ్వత ఆర్కెస్ట్రాలకు ప్రతి సీజన్‌కూ కొత్త కార్యక్రమాలు కావాల్సి వచ్చాయి. సమకాలీన రచనలు చాలామంది శ్రోతలకు కొరుకుడు పడలేదు. తెలిసిన పేరు, కొత్త ధ్వని రెండూ ఉన్న మార్పు రూపాలు ఆ ఖాళీలో ఇమిడాయి. పైన చెప్పుకున్నవాటిలో చాలా భాగం 1920, 1930 దశకాల్లో పుట్టడానికి ఇది ప్రధాన కారణం.

అన్నీ మారవని ఎరిగినవాళ్లలోనూ రవెల్ ముందుంటారు. ఆయన సొంత పియానో కృతి 'ల టోంబో ద కూపెరాఁ'లో ఆరు భాగాలుంటే 1919లో ఆర్కెస్ట్రాకు నాలుగే రాశారు. ఫ్యూగ్‌ను, చివరి టోకాటాను వదిలేశారు. ఆ టోకాటా అంతా ఒకే మీట మీద వేళ్లు మార్చి మార్చి కొట్టే వేగం మీద నడుస్తుంది. ఆ సుత్తి దెబ్బలను తీసేస్తే అందులో ఏం మిగులుతుందో వింటే ఊహించడం కష్టం కాదు.

## సాఫ్ట్‌వేర్ కాలంలో

ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్‌లో పియానో కృతి మిడి ఫైల్ (ఏ స్వరం ఎప్పుడు, ఎంతసేపు అన్న సమాచారం ఉండే ఫైల్) పెట్టి, పియానో శబ్దం బదులు వయొలిన్, చెల్లో శాంపిళ్లు ఎంచుకుంటే నిమిషాల్లో 'ఆర్కెస్ట్రా వెర్షన్' వస్తుంది. ఇలాంటివి ఆన్‌లైన్‌లో పెరిగే కొద్దీ రెండు పేర్లకు అర్థం ఇంకా మసకబారుతోంది. వాటిలో చాలావాటికి ఒకే రకం జబ్బులు. పెడల్ మోత లేక మధ్య భాగం బోలుగా ఉంటుంది. చేతికోసం రాసిన విడి స్వరాలు వయొలిన్‌లో గడబిడగా పరుగెడతాయి. ఊపిరి తీసుకునే చోటు లేకుండా ఫ్లూట్ నిమిషాల తరబడి పలుకుతుంది. నొక్కినప్పుడు తగ్గిపోవాల్సిన స్వరం తగ్గకుండా మొండిగా నిలుచుంటుంది. సాఫ్ట్‌వేర్ స్వరాలను తూచా తప్పకుండా మార్చింది. స్వరాల మధ్య రాయనిదాన్ని ఎవరూ రాయలేదు.

ఇలా మార్చి పంచేవాళ్లకు చట్టం సంగతి కూడా తెలియాలి. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సంగీత రచనను అరేంజ్ చేయడం దాని 'అనుసరణ' (అడాప్టేషన్) కిందికి వస్తుంది. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. బాఖ్‌కో బ్రామ్స్‌కో ఇబ్బంది లేదు. 1975లో చనిపోయిన షోస్టకోవిచ్ కృతిని మార్చాలంటే అనుమతి కావాలి.

వినేవాళ్లకు మాత్రం ఆ రెండో పేరు చూసుకోవడం ఒక్కటే చాలు. ముసోర్గ్‌స్కీ, రవెల్ అని ఉంటే అయిదో ప్రొమెనాడ్ ఉండదు, ఎడ్లబండి దూరం నుంచి వస్తుంది. ముసోర్గ్‌స్కీ అని ఒక్క పేరే ఉండి, పియానిస్టు చేతిరాత ప్రకారం వాయిస్తే, మొదటి స్వరానికే బండి కళ్ల ముందు ఉంటుంది.